పచ్చ కళ్ళద్దాల ఊరు

1900లో ఒకే రచయిత పేరుతో రెండు పుస్తకాలు షికాగోలో వెలువడ్డాయి. బట్టల దుకాణం షోకేసును ఎలా సర్దితే దారినపోయేవాడు ఆగి చూస్తాడో వ్యాపారులకు నేర్పే పుస్తకం ఒకటి. కాన్సస్ మైదానాల్లో పెరుగుతున్న ఓ అనాథ పిల్లను సుడిగాలి ఇంటితో సహా ఎత్తుకుపోయి వింత దేశంలో దింపిన కథ రెండోది. మొదటిది ఇప్పుడు పరిశోధకులకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రెండోది ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’. నూట పాతికేళ్ళుగా సినిమావాళ్ళు, దుస్తుల డిజైనర్లు దాన్ని మళ్ళీ మళ్ళీ తిరగేస్తూనే ఉన్నారు. మంచి కథ కాబట్టి అని సరిపెట్టుకోవచ్చు. కానీ మంచి కథలు లోకంలో చాలానే ఉన్నాయి, వాటన్నిటికీ ఈ యోగం పట్టలేదు. దీన్ని రాసినవాడు షోకేసుల మనిషి కావడంలోనే అసలు కిటుకు ఉందని నా అనుమానం.

లైమన్ ఫ్రాంక్ బామ్ పెట్టని వ్యాపారం లేదు, చెయ్యి కాలనిదీ లేదు. నాటకాలాడాడు. మేలుజాతి కోళ్ళు పెంచాడు, తొలి పుస్తకం ఆ కోళ్ళ మీదే రాశాడు. 1888లో డకోటా ప్రాంతంలోని అబెర్డీన్ అనే చిన్న ఊళ్ళో ‘బామ్స్ బజార్’ తెరిచాడు. కరువు రోజుల్లో రైతులకు అప్పులిచ్చి అది మూసేశాడు. తర్వాత నడిపిన వారపత్రికా నిలవలేదు. భార్యాబిడ్డలతో షికాగో చేరి, గాజు, పింగాణీ సామాను నమూనాల పెట్టె మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. పెద్ద పెద్ద అద్దాలతో, విద్యుద్దీపాలతో బహుళ అంతస్తుల దుకాణాలు లేస్తున్న కాలం అది. వాటి ముందు నిలబడి నేర్చుకున్నదంతా పెట్టుబడిగా 1897లో ‘ది షో విండో’ అనే వృత్తి పత్రిక మొదలుపెట్టాడు. సరుకును కుప్పపోస్తే ఎవరూ చూడరనీ, రంగు, వెలుగు, కదలిక కలిస్తేనే కన్ను నిలుస్తుందనీ ఆ పత్రికలో నెలనెలా చెప్పేవాడు.

అదే కన్నుతో అతను పిల్లల కథ రాశాడు. ఆ పుస్తకంలో భూగోళం రంగుల్లో ఉంటుంది. కాన్సస్ అంతా బూడిద రంగు: నేల, గడ్డి, ఇల్లు, చివరికి పిన్ని బుగ్గలు కూడా. మంచ్‌కిన్ల దేశం నీలం, వింకీలది పసుపు, దక్షిణాన క్వాడ్లింగులది ఎరుపు, నడుమ మరకత నగరం పచ్చన. బొమ్మలు వేసిన డబ్ల్యు. డబ్ల్యు. డెన్స్‌లో ఈ పథకాన్ని పేజీల్లోకీ తెచ్చాడు. కథ ఏ దేశంలో నడుస్తుంటే పేజీ మీద బొమ్మల రంగు ఆ దేశానిది. ఇరవై నాలుగు రంగుల పలకలున్న ఆ పుస్తకం అచ్చు ఖర్చుకు ప్రచురణకర్త వెనకాడితే, ముద్రణ పలకల డబ్బు రచయితా చిత్రకారుడూ పెట్టుకున్నారు. బామ్ పెట్టిన అన్ని పెట్టుబడుల్లోకీ ఇదొక్కటే సరిగ్గా పండిందనుకోవచ్చు.

బట్టల సంగతి ఇంకా ముచ్చటైంది. కథలోని ఆ అనాథ పిల్ల డొరొతీకి ఉన్న ఒకే ఒక్క మంచి గౌను నీలం తెలుపు గళ్ళది, ఉతికి ఉతికి వెలిసిపోయింది. దాన్ని చూసి ఒక మంచ్‌కిన్ పెద్దమనిషి లెక్కవేస్తాడు: నీలం మా రంగు, తెలుపు మంత్రగత్తెలు కట్టే రంగు, రెండూ కలిపి వేసుకుందంటే ఈమె మాకు మేలు చేసే మంత్రగత్తె. పాపం పిల్లకేమీ తెలీదు. ఆమె కట్టుకున్న బట్టను ఊరు తన భాషలో చదువుకుంది, అంతే. ఎగిరొచ్చిన ఇల్లు మీద పడి చనిపోయిన మంత్రగత్తె వెండి జోళ్ళను ఆమె తొడుక్కోవడానికి కారణం మరీ మామూలుది: చాలా దూరం నడవాలి, తన పాత తోలు బూట్లకంటే ఇవి గట్టివి.

ఇక మరకత నగరం. ఊరి గుమ్మం దగ్గర కాపలావాడు వచ్చినవాళ్ళందరికీ పచ్చ కళ్ళద్దాలు పెట్టి, వెనకనుంచి తాళం వేస్తాడు. నగర కాంతికి కళ్ళు పోతాయని సాకు. లోపల డొరొతీకి పచ్చని శాటిన్ గౌను తొడుగుతారు, కుక్కపిల్ల మెడకు పచ్చ రిబ్బను కడతారు. ఊరు దాటి అద్దాలు తీశాక చూసుకుంటే గౌను తెల్లనిది, రిబ్బనూ తెల్లనిదే. పిల్లల కథలో ఇంత కఠినమైన హాస్యం ఎలా వచ్చిందా అనుకుంటాం గానీ, పగలంతా కొనుగోలుదారుల కళ్ళను గమనించి బతికినవాడికి అది రోజూ కనిపించే విషయమే.

తర్వాత ఓజ్‌ను రంగస్థలానికీ తెరకూ ఎక్కించాలని ముందుగా ఉబలాటపడింది బామే. 1902లో షికాగోలో, మరుసటేడు న్యూయార్క్‌లో ఆడిన సంగీత నాటకం బ్రహ్మాండంగా నడిచింది. ఆ ధైర్యంతో 1908లో చేత్తో రంగులు దిద్దిన ఫిల్ములు, గాజు పలకల బొమ్మలు, వాద్యబృందం కలిపి తనే తెల్ల సూటు వేసుకుని వ్యాఖ్యానం చెబుతూ ఊళ్ళు తిరిగాడు. జనం వచ్చారు, ఖర్చు మాత్రం రాబడిని మింగేసింది. 1911లో దివాలా తీశాడు. 1914లో లాస్ ఏంజిలిస్‌లో ఏకంగా ఓజ్ పేరుతో సినిమా కంపెనీ పెట్టాడు, అదీ త్వరలోనే మూతపడింది. 1919లో పోయేనాటికి పద్నాలుగు ఓజ్ నవలలు రాసి ఉంచాడు. 1925లో ఒక మూకీ వచ్చింది. డొరొతీకి దారిలో తోడయ్యే దిష్టిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహాల్లో రేకు మనిషి వేషం అందులో కట్టింది లారెల్-హార్డీ జంటలోని హార్డీ అన్నది తప్ప దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు.

ప్రపంచానికి ఓజ్ అంటే గుర్తొచ్చేది 1939 నాటి ఎంజీఎం సినిమా. విక్టర్ ఫ్లెమింగ్ దర్శకుడు, పదహారేళ్ళ జూడీ గార్లండ్ డొరొతీ. ఆ సినిమా నిలబడింది కథ మీద మాత్రమే కాదు, టెక్నికలర్ అనే ఖరీదైన రంగుల యంత్రం మీద కూడా. ఆ యంత్రం ఏం కోరితే కథ అలా మారింది. 1938 మే నెల నాటి చిత్రానువాదంలో రచయిత నోయెల్ లాంగ్లీ వెండి జోళ్ళను కొట్టేసి కెంపుల జోళ్ళని రాశాడు. డొరొతీ నడిచే పసుపు ఇటుకల దారి మీద వెండి ఏం మెరుస్తుంది? ఎరుపైతే తెర చివరివరకూ కనబడుతుంది. దుస్తుల శాఖ అధిపతి ఏడ్రియన్ మామూలు తెల్ల పట్టు బూట్లు తెప్పించి, ఎర్ర రంగు అద్ది, పల్చని గుడ్డ మీద కుట్టిన చమ్కీలు వాటికి తొడిగించాడు. ఒక్కో జోడుకు రెండు వేలకు పైన చమ్కీలు. నిజమైన ఎరుపు కెమెరాలో నారింజ రంగులోకి దిగుతుందని చమ్కీలను ముదురు ఎరుపులో ఎంచారు. తెలుపు మిరుమిట్లు గొలుపుతుందని డొరొతీ జాకెట్టును లేత గులాబీలో కుట్టారు. తెర మీద మనం తెలుపనుకునేది తెలుపు కాదు, ఎరుపనుకునేది ఆ ఎరుపు కాదు. కాపలావాడి కళ్ళద్దాలను ఈ సినిమా కథలోంచి తీసేసింది, నగరం నిజంగానే పచ్చనిదని చూపించింది. ఆ అద్దాల పని మాత్రం కెమెరా చేసిపెట్టింది.

ఏడ్రియన్ ఆ రోజుల్లో హాలీవుడ్ తారలకు వెడల్పు భుజాల కోట్లు, వెనక ఏటవాలుగా జారే శాటిన్ గౌన్లు కుట్టి పేరు మోసినవాడు. అలాంటివాడి చేతికి ఒక పేద పల్లెపిల్ల గళ్ళ గౌను వచ్చింది. ఎదిగిన అమ్మాయిని చిన్నపిల్లలా చూపించాలి కాబట్టి గార్లండ్ ఒంటిని లోపల బిగించి కట్టి, పైన ఆ గౌను వేశారు. రెండు మూడేళ్ళకు అతను స్టూడియో వదిలి బెవర్లీ హిల్స్‌లో సొంత దుకాణం తెరిచినప్పుడు, ధనవంతుల దుస్తుల్లోకి అదే గళ్ళ గుడ్డను ధైర్యంగా తీసుకొచ్చాడు. మన వైపు గళ్ళ గుడ్డంటే లుంగీ, తువ్వాలు. అమెరికాలో వంటింటి ఏప్రన్, బల్లమీద పరిచే గుడ్డ. అటువంటి దాన్ని సాయంకాలపు విందుకు వేసుకునే బట్టగా చెయ్యడం చిన్న సాహసం కాదు.

కాన్సస్ ఇంటి గోధుమ రంగు నుంచి డొరొతీ తలుపు తెరవగానే రంగులు పొంగే ఘట్టం గుర్తుంది కదా. ట్రిక్కు చాలా సులువైనది: ఇల్లు మొత్తానికి గోధుమ రంగు పూసి, గార్లండ్‌కు బదులు ఒక డూపుకు గోధుమ రంగు గౌను తొడిగి, అదంతా రంగు ఫిల్ము మీదే తీశారు. తలుపు తెరిచిన డూపు పక్కకు తప్పుకుంటే నీలం గౌనులో అసలు డొరొతీ తెర మీదికి వస్తుంది. మన తెలుగు ప్రేక్షకుడు పూర్తి నిడివి రంగుల తెలుగు సినిమా చూడడానికి 1963 నాటి ‘లవకుశ’ వరకూ ఆగాల్సి వచ్చింది. అంతకుముందు ఒకటి రెండు రీళ్ళు మాత్రం రంగుల్లో వచ్చే సినిమాల్లో హాలంతా ఒక్కసారి ఎలా ఊపిరి పీల్చుకునేదో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ ఆశ్చర్యాన్ని కథలోనే భాగం చేసుకుంది ఎంజీఎం.

ఆ రంగులకు కొందరి ఒళ్ళు మూల్యం చెల్లించింది. రేకు మనిషిగా మొదట ఎంపికైన బడీ ఎబ్సెన్ ముఖాన చల్లిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆసుపత్రి పాలయ్యాడు, పాత్ర వేరొకరికి పోయింది. పిరికి సింహం వేషం నిజం సింహం తోళ్ళతో కుట్టింది, దీపాల వేడికి లోపలి మనిషి ఉడికిపోయేవాడు. పడమటి దుష్ట మంత్రగత్తెగా వేసిన మార్గరెట్ హామిల్టన్ ముఖానికి పూసిన పచ్చ రంగులో రాగి ఉంది. మంటల మధ్య మాయమయ్యే దృశ్యంలో ఆమె ముఖం, చెయ్యి కాలి ఆరు వారాలు మంచాన పడింది. పుస్తకంలోని మంత్రగత్తెకు ఒంటికన్ను, చేతిలో గొడుగు ఉంటాయి గానీ పచ్చ చర్మం లేదు. ఈ పచ్చదనం పూర్తిగా సినిమా సృష్టి. తర్వాత దాదాపు అరవై ఏళ్ళకు దాని చుట్టూ ఇంకో కథ అల్లుకుంటుందని అప్పుడెవరికీ తెలీదు.

విచిత్రమేమంటే, 1939లో అది ఎంజీఎంకు లాభాలేమీ తేలేదు. 1956 నవంబరు 3న సీబీఎస్ టెలివిజన్ ప్రసారం చేశాక, 1959 నుంచి ఏటా చూపిస్తుంటే అమెరికా ఇళ్ళలో అది పండగైంది. అప్పటికి ఎక్కువ ఇళ్ళలో ఉన్నవి నలుపు తెలుపు టీవీలు. కాన్సస్ బూడిదే, ఓజ్ కూడా బూడిదే. కెంపుల జోళ్ళ ఎరుపును ఒక తరం పిల్లలు ఊహలోనే చూసుకున్నారు. బొంబాయిలో పెరిగిన సల్మాన్ రష్దీ పదేళ్ళ వయసులో రాసిన తొలి కథకు ఆ సినిమా పాట పేరే పెట్టుకున్నాడు. పెద్దయ్యాక ఆ సినిమా మీద ఒక చిన్న పుస్తకం, ఆ జోళ్ళ వేలం మీద ఒక కథ రాశాడు.

ఆ వేలం 1970లో నిజంగానే మొదలైంది. చేతులు మారిన ఎంజీఎం తన గోదాముల్లోని సామానంతా అమ్మకానికి పెట్టింది. మూలన పడి ఉన్న ఆ జోళ్ళను ఒక దుస్తుల ఉద్యోగి బయటికి తీశాడు, ఒక జత పదిహేను వేల డాలర్లకు పోయింది. అప్పటి నుంచీ అవి వేషంలో భాగం కావడం మానేసి విగ్రహాలయ్యాయి. 1979లో ఒక జత స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. ఫ్యాషన్ లోకం తొలుత మోజుపడింది ఈ విగ్రహం మీదే. సినిమాకు యాభై ఏళ్ళు నిండిన 1989లో హ్యారీ విన్‌స్టన్ నగల సంస్థ నాలుగు వేల ఆరు వందల నిజం కెంపులతో ఒక జత చేయించింది, విలువ 30 లక్షల డాలర్లు. 2008లో ఒక స్ఫటికాల కంపెనీ పూనికతో పేరున్న బూట్ల డిజైనర్లు తలో జత కెంపు జోళ్ళు రూపొందించి న్యూయార్క్ ఫ్యాషన్ వారంలో ప్రదర్శనకు పెట్టారు. పిల్లల ఎయిడ్స్ సంస్థ కోసమన్నది మంచి మాటే. కానీ ఇవేవీ నాకు ఓజ్‌లా కనిపించవు. చమ్కీకి నిజం కెంపు పెట్టడంలో ఏం కల్పన ఉంది? ఆ జోళ్ళ అందమంతా అవి ఉత్త చమ్కీలు కావడంలోనే ఉంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది ‘ది విజ్’. 1975లో నల్లజాతి నటులతో, వారి సంగీతంతో బ్రాడ్‌వే మీద వచ్చిన ఆ నాటకానికి దర్శకత్వం, దుస్తులు రెండూ ట్రినిడాడ్‌లో పుట్టిన జెఫ్రీ హోల్డర్‌వి, రెండింటికీ టోనీలు అందుకున్నాడు. 1978లో సిడ్నీ లుమెట్ దాన్ని సినిమాగా తీశాడు. డయానా రాస్ డొరొతీ, మైకేల్ జాక్సన్ దిష్టిబొమ్మ. వసూళ్ళలో దెబ్బతింది, విమర్శకులు ఉతికి ఆరేశారు. రాస్ ఆ పాత్రకు పెద్దదైందన్న మాట నిజమే. అయినా అందులోని మరకత నగర ఘట్టం ఒక్కటీ తీసి చూడండి. వరల్డ్ ట్రేడ్ సెంటర్ గోపురాల నడిమి ఆవరణే ఆ నగరం. వందలాది జనం పచ్చని బట్టల్లో, ఆ నాటి న్యూయార్క్ డిజైనర్ల చేతి దుస్తుల్లో, ఒయ్యారాలు పోతుంటారు. ఇంతలో ఆ నగరాన్ని ఏలే, కంటికి కనబడని విజ్ గొంతు మైకులో ప్రకటిస్తుంది: పచ్చ పాతబడింది, ఇకనుంచి ఎరుపు. ఆవరణంతా ఎర్రబడుతుంది, నిన్నటి పచ్చను ఈసడిస్తూ ఎరుపును పొగుడుతారు. ఇంకాసేపటికి బంగారు రంగంటాడు, మళ్ళీ అదే వరస. తాళం వేసిన కళ్ళద్దాలను బామ్ తర్వాత ఇంత బాగా అర్థం చేసుకున్నవారు లేరు. ఫ్యాషన్‌వాళ్ళ చేత బట్టలు ఇప్పించుకుని ఫ్యాషన్‌నే ఎగతాళి చెయ్యడం మరీ గడుసుతనం. ఇందులో డొరొతీ జోళ్ళు మళ్ళీ వెండివి.

ఎందుకు వెండివో చెప్పాలి. బామ్ నవల మీద హక్కులు 1956తో తీరిపోయాయి, ఎవరైనా వాడుకోవచ్చు. కెంపు జోళ్ళు మాత్రం 1939 సినిమావి, సినిమా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళవి. 1985లో డిస్నీ ‘రిటర్న్ టు ఓజ్’ తీసినప్పుడు ఆ ఎరుపు కోసం ఎంజీఎంకు డబ్బు కట్టింది. 2013లో అదే డిస్నీ మరో ఓజ్ సినిమా తీసేటప్పటికి పాత సినిమా వార్నర్ చేతికి వెళ్ళిపోయి ఉంది, మంత్రగత్తె ముఖానికి పూసే పచ్చలో ఛాయ ఎంత ఉండాలో కూడా న్యాయవాదుల్ని అడిగి తేల్చుకోవలసి వచ్చింది. రంగుకు యజమాని ఉండే లోకాన్ని బామ్ కూడా ఊహించి ఉండడు.

పత్రికలూ వెనకబడలేదు. 2005 డిసెంబరు ‘వోగ్’లో ఫొటోగ్రాఫర్ యానీ లీబోవిట్జ్ నటి కీరా నైట్లీని డొరొతీగా, చుట్టూ సమకాలీన కళాకారుల్ని పాత్రలుగా నిలబెట్టింది. జాస్పర్ జాన్స్ పిరికి సింహం, చక్ క్లోజ్ విజర్డ్, జెఫ్ కూన్స్ రెక్కల కోతి. ఖరీదైన గౌన్ల ప్రచారమే అది, సందేహం లేదు. కానీ కళాబజారు నడిపించేవాళ్ళను మాయగాడిగా, కోతిగా కూర్చోబెట్టిన కొంటెతనానికి ఓ నవ్వు బాకీ పడతాం.

ఈలోగా ఆ పచ్చ మంత్రగత్తె కథ తిరగబడింది. 1995లో గ్రెగొరీ మగ్వైర్ ‘వికెడ్’ నవలలో ఆమెకు ఎల్ఫబా అని పేరు పెట్టాడు, బామ్ పొడి అక్షరాల్లోంచి కూర్చిన పేరు. పుట్టుకతో పచ్చగా ఉన్నందుకు వెలి పడ్డ తెలివైన పిల్ల. స్టూడియో అలంకరణ శాఖ డబ్బాలోంచి వచ్చిన రంగు ఇప్పుడు జాతి వివక్షకు గుర్తయింది. 2003లో బ్రాడ్‌వేకెక్కిన నాటకం ఇప్పటికీ ఆడుతోంది. 2024, 2025 నవంబరు నెలల్లో జాన్ ఎం. చూ దర్శకత్వంలో రెండు సినిమాలుగా వచ్చింది. దుస్తులు పాల్ టేజ్‌వెల్‌వి. ఇతను 2015లో టీవీ కోసం ప్రత్యక్ష ప్రసారమైన ‘ది విజ్’కు దుస్తులు కూర్చి ఎమ్మీ గెలిచినవాడు, అంటే ఓజ్‌లోకి హోల్డర్ తెరిచిన తలుపు గుండానే వచ్చాడన్నమాట. ఎల్ఫబా నల్ల గౌను మీద పుట్టగొడుగు అడుగున కనిపించే సన్నని మడతల్ని దించాడు. దగ్గరగా చూస్తే ఆ నలుపులో అడవి ఉంటుంది. జోళ్ళను వెండికే తిప్పి, మడమను సుడిగాలిలా మెలితిప్పాడు. 2025 మార్చిలో దుస్తుల విభాగంలో ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి పురుషుడయ్యాడు.

ఆ ఆస్కార్ రాత్రి సభ మొదలైందే ఓజ్‌తో. ‘వికెడ్’లో గులాబీ దుస్తుల మంచి మంత్రగత్తెగా వేసిన ఆరియానా గ్రాండే స్కియాపరెల్లీ సంస్థ కుట్టిన ఎర్రని చమ్కీల గౌనులో 1939 నాటి పాట పాడింది, గౌను వెనక వీపు మీద ఒక కెంపు జోడు అతికి ఉంది. ఆ సంస్థ స్థాపకురాలు ఎల్సా స్కియాపరెల్లీ 1937లోనే సాల్వడార్ డాలీతో కలిసి బూటు ఆకారంలో టోపీ చేసింది. కాబట్టి ఆ జోడు రెండు పాత కథలకు ఒకేసారి మొక్కు. తర్వాత ఎల్ఫబాగా వేసిన సింథియా ఎరీవో ‘ది విజ్’ పాట అందుకుంది, చివర ఇద్దరూ ‘వికెడ్’ పాట పాడారు. ఎనభై ఆరేళ్ళ చరిత్ర పది నిమిషాల్లోపే వేదిక దాటింది. దుకాణాల్లో మాత్రం అప్పటికే నెలల తరబడి గులాబీ, పచ్చ అమ్ముడుపోతున్నాయి. లిప్‌స్టిక్కులు, చెప్పులు, కాఫీ కప్పులు, ఏవి చూసినా ఆ రెండు రంగులే. విజ్ మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

అసలు కెంపు జోళ్ళలో ఒక జత మిన్నెసోటాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో, జూడీ గార్లండ్ పుట్టిన ఊరి మ్యూజియం నుంచి 2005లో దొంగల పాలైంది. 2018లో ఎఫ్‌బీఐ పట్టుకుంది. సరిచూడ్డానికి స్మిత్‌సోనియన్‌కు తీసుకెళ్తే ఒక తమాషా బయటపడింది: మ్యూజియం జతలో ఒక కాలిది ఈ జతది, ఈ జతలో ఒక కాలిది మ్యూజియానిది. ఏనాడో గోదాములో కలగలిసిపోయాయి. దొంగ తర్వాత కోర్టులో ఒప్పుకున్నది ఇంకా తమాషా, అవి నిజం కెంపులనుకున్నాడట. అద్దాలు పెట్టుకుని దొంగతనానికి వెళ్ళినవాడు చరిత్రలో ఇతనొక్కడే కాబోలు. ఆ చమ్కీల జత 2024 డిసెంబరులో డాలస్ వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పోయింది, రుసుములు కలిపితే మూడు కోట్ల ఇరవై అయిదు లక్షలు. విన్‌స్టన్ నిజం కెంపుల జతకు కట్టిన విలువకు పది రెట్లకు పైనే.

2025 ఆగస్టు నుంచి లాస్ వేగస్‌లోని స్పియర్ అనే గోళాకార భవనంలో, కృత్రిమ మేధతో సాగదీసిన 1939 సినిమాను గాలి యంత్రాల హోరుతో చూపిస్తున్నారు. మన ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దినప్పుడు జరిగిన తగవే అక్కడా జరిగింది, పెద్దగా తేలిందేమీ లేదు. అమెరికా చట్టం ప్రకారం ఆ సినిమా మీద హక్కులు 2034తో ముగుస్తాయి. 2035 జనవరి 1 నుంచి కెంపు జోళ్ళను ఏ దర్శకుడైనా డబ్బు కట్టకుండా తన డొరొతీకి తొడగవచ్చు. అయితే ట్రేడ్‌మార్కుల పేరిట న్యాయవాదులకు పని దొరుకుతూనే ఉంటుంది. డిజైనర్లు అప్పుడు ఎర్ర చమ్కీల మీద పడతారని పందెం కాయొచ్చు. నాకు మాత్రం కాపలావాడు, కళ్ళద్దాలు, తాళం, ఊరు దాటగానే తెల్లబడే గౌను ఉన్న ఘట్టాన్ని ఎవరైనా తీరిగ్గా, పుస్తకంలో ఉన్నట్టే తీస్తే చూడాలని ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.